పదకొండు మంది దొరుకుతారు, పన్నెండోవాడు ఎవరు? రహీం సాబ్ జట్టు లెక్క

ఆదోని నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ ఫుట్‌బాల్ గురించి. క్రికెట్ వాళ్లు కూడా ఉండండి, వెళ్లొద్దు. ఇందులో మన చరిత్ర చాలానే ఉంది.

మొన్న ఎమ్మిగనూరు బస్టాండులో ఒక డిగ్రీ పిల్లోడు అడిగాడు: "అన్నా, నూటనలభై కోట్ల మందిమి. ఫుట్‌బాల్‌కి పదకొండు మంది దొరకరా మనకు?" అందరూ అడిగే ప్రశ్నే ఇది. కానీ ప్రశ్నలోనే చిన్న తేడా ఉంది. పదకొండు మంది దొరుకుతారప్పా. ఎప్పుడూ దొరికారు. దొరకనిది పన్నెండోవాడు, పదమూడోవాడు. గోల్‌కీపర్‌కి జ్వరం వస్తే ఎవరు? స్ట్రైకర్ కాలు మడతపడితే ఎవరు? ఆ రెండో పేరు చెప్పేటప్పుడే జట్టు బలం ఎంతో తెలిసిపోతుంది. ఫోన్‌లో ఈఫుట్‌బాల్ ఆడేవాళ్లకు ఇది బాగా తెలుసు. పదకొండు కార్డులు మెరిసేవి పెట్టుకుని, బెంచ్ మీద ఏదో ఒకటి పడేస్తే మూడో మ్యాచ్‌కల్లా ఏమవుతుందో మీరే చూసుంటారు.

ఎమ్మిగనూరు వాళ్లకు ఇంకో రకంగా చెప్తాను. మగ్గం ఉన్న ఇంట్లో ఒకరు నేస్తారు, ఒకరు కండెలు చుడతారు, ఒకరు పడుగు పని చూస్తారు. నేసే మనిషి మంచాన పడితే, గుంటలోకి దిగి కూర్చోగలిగినవాళ్లు ఇంకొకరు ఉన్నారా లేదా? ఉంటే ఆ వారం చీర దిగుతుంది. లేకపోతే మగ్గం ఆగిపోతుంది. జాతీయ జట్టు విషయంలో కూడా చూడాల్సింది ఇదే. ఒక్కో స్థానానికి ఎంతమంది ఉన్నారు, ఒక స్థానంలో ఆడేవాడు ఇంకో స్థానంలో నిలబడగలడా అని.

ఈ లెక్కలో ఇండియా నిజంగా గట్టిగా ఉన్న కాలం ఒకటుంది. సుమారుగా 1951 నుంచి 1962 దాకా. ఆ గట్టిదనంలో సగం పని జరిగింది హైదరాబాద్‌లో, ఒక స్కూల్ టీచర్ చేతుల మీద. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది కదా, అజయ్ దేవగన్ వేసింది ఆయన పాత్రే. సినిమాలో కన్నీళ్లు, ఆఖరి నిమిషాలు బాగా చూపించారు. అంతకంటే ముందు మైదానంలో ఏళ్ల తరబడి జరిగిన పని సినిమాకు అంతగా పనికిరాదు. నాకు మాత్రం అదే ముఖ్యం అనిపిస్తుంది.

ముందు లేమి ఎట్లా ఉండేదో చూద్దాం. 1948 లండన్ ఒలింపిక్స్. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా కాలేదు. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. ఫ్రాన్స్ మీద 2-1తో ఓడిపోయారు, అదీ రెండు పెనాల్టీలు వదిలేసి. పరువు పోలేదు, నిజానికి పేరొచ్చింది. నాలుగేళ్లకు 1952లో హెల్సింకీ. చలి, తడి నేల, చాలామందికి మళ్లీ ఉత్త కాళ్లే. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది. మనకు ఒక్కటి, అహ్మద్ ఖాన్ కొట్టింది. 10-1.

ఆ స్కోరు చూసి బూట్లు లేకపోవడం వల్లే అని అందరూ అంటారు. బూట్ల సంగతి నిజమే. కానీ దాని వెనక ఇంకో సంగతి ఉంది. అప్పట్లో మనం ఆడే పద్ధతిలో వెనక ఇద్దరే బ్యాక్స్. మధ్యలో ముగ్గురు హాఫ్స్, ముందు ఐదుగురు ఫార్వర్డ్స్. యూరప్ వాళ్లు అప్పటికే మూడో బ్యాక్‌ని పెట్టుకుని ఆడుతున్నారు. మన దగ్గర మూడో బ్యాక్‌గా ఆడటం తెలిసినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ స్థానమే లేదు. లేని స్థానానికి ఆటగాడు ఎక్కడి నుంచి వస్తాడు? హెల్సింకీ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి, మూడు బ్యాక్స్ పద్ధతి వచ్చింది. దానికోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో రహీం సాబ్ ముందుంటారు.

ఇక్కడ హైదరాబాద్ ఎందుకొచ్చింది? సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ ఉంది. సోల్జర్లు ఆడే ఆట చూసి చుట్టుపక్కల పిల్లలు నేర్చుకున్నారు. దానికితోడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. బంతి బాగా తన్నే పిల్లోడికి పోలీస్‌లో ఉద్యోగం దొరికేది. ఇది చిన్న విషయం కాదు. పేదింటి కుర్రాడికి ఇరవై ఏళ్లొచ్చాక ఇంట్లో ఏమంటారు? ఆట మానేసి పని చూసుకో అంటారు. ఆటే పని అయితే మానేయక్కర్లేదు. 1943 నుంచి చనిపోయేదాకా రహీం సాబ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. 1950 నుంచి పోలీస్ జట్టుకు కోచ్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. ఐదేళ్లు! కలకత్తా పెద్ద క్లబ్బులు చూస్తూ ఉండిపోయాయి.

ఆయన పద్ధతి గురించి వింటే మీకు నవ్వు రావచ్చు. టోర్నమెంట్లు పెట్టేవారు, కానీ వింత రూల్స్‌తో. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వచ్చిందా, పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో దాంట్లో బలం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో. మొదట్లో ఆ మ్యాచులు చూడటానికి ఎట్లా ఉండేవో ఊహించుకోండి! కానీ దీనివల్ల జరిగిందేంటంటే, కుడివైపు మాత్రమే ఆడగలిగేవాడు రెండేళ్లకు ఎడమవైపు కూడా నిలబడగలిగాడు. అంటే జట్టులోకి కొత్త మనిషి రాకుండానే ఒక మనిషి ఇద్దరయ్యాడు. డబ్బు లేని చోట బెంచ్ ఇట్లాగే పెరుగుతుంది.

ఇప్పుడు 1956 మెల్‌బోర్న్ జట్టుని స్థానాలవారీగా చూద్దాం. గోల్‌లో పీటర్ తంగరాజ్. సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదలుపెట్టి సైన్యంలోకి వెళ్లిన పొడుగాటి మనిషి. ఆయన వెనక ఎస్.ఎస్. నారాయణ్. ఇద్దరూ 1956లో, 1960లో కూడా ఒలింపిక్ జట్టులో ఉన్నారు. వెనక లైన్‌లో మన అజీజుద్దీన్, కేరళ నుంచి వచ్చిన రెహమాన్. హాఫ్‌లలో నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, కెంపయ్య, నిఖిల్ నంది. ఇక్కడ చూడండి, పేర్లు ఎంత దట్టంగా ఉన్నాయో. ముందు పి.కె. బెనర్జీ, కెప్టెన్ సమర్ బెనర్జీ, నెవిల్ డిసౌజా, కిట్టు, మన తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్. బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడు. అప్పటికి సరిగ్గా ఇరవై నిండాయి.

ఒక రూల్ గుర్తుపెట్టుకోండి. అప్పట్లో మ్యాచ్ మధ్యలో సబ్‌స్టిట్యూట్ లేడు. దెబ్బ తగిలితే కుంటుతూ ఆడాలి, లేదా పదిమందితో ఆడాలి. కాబట్టి బెంచ్ అంటే ఇప్పటిలా డెబ్బయ్యో నిమిషంలో దిగేవాడు కాదు. ఈ మ్యాచ్‌కి పదకొండు మందిని రాసేటప్పుడు, పోయిన మ్యాచ్‌లో అలిసిపోయినవాడి బదులు ఎవరి పేరు రాయొచ్చు అన్నదే లెక్క.

డిసెంబర్ 1న ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచాం, ఆస్ట్రేలియా గడ్డ మీద. నెవిల్ డిసౌజా మూడు కొట్టాడు, కిట్టు ఒకటి. తేదీ చూశారా? ఆంధ్రప్రదేశ్ పుట్టింది నవంబర్ 1, 1956. సరిగ్గా నెల. మన ఆదోని అయితే మూడేళ్ల ముందు, 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లా. అక్కడి నుంచి ఆంధ్రలోకి, ఆంధ్ర నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. అట్లా మనకూ ఆ హైదరాబాదీలకూ ఒకే రాష్ట్రం అయి ముప్పై రోజులకే వాళ్లు ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి వెళ్లారు. అంతకుముందు బసాలత్ జంగ్ కాలంలో ఆదోని నిజాం కుటుంబం చేతుల్లోనే ఉండేది, అది వేరే ఎపిసోడ్.

సెమీఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియా. పది గోల్స్ కొట్టిన యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే! నెవిల్ కొట్టాడు. కానీ కాసేపటికే వాళ్లు లెక్క సరిచేసి, ఆఖరికి 4-1తో గెలిచారు. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా 3-0. నాలుగో స్థానం. వారం రోజుల్లో మూడు మ్యాచులు ఆడితే మూడోదానికి కాళ్లు కదలలేదు. 10-1 నుంచి 4-1కి వచ్చిన జట్టుకు మొదటి పదకొండు మంది సరిపోయారు. వారం అంతా నిలబడటానికి రెండో వరుస ఇంకా సరిపోలేదు. రహీం సాబ్ దగ్గర ఇది నోట్ అయ్యే ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే తర్వాత ఆరేళ్లు ఆయన చేసిన పని చూస్తే అట్లాగే ఉంది.

1960 రోమ్ గురించి ఎక్కువ చెప్పను. గ్రూప్‌లోనే ఆగిపోయాం. హంగరీతో 2-1 ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 3-1 ఓటమి. హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది మన బలరామే. ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ జట్టులో ఎస్.ఎ. హకీం ఉన్నాడు, రహీం సాబ్ సొంత కొడుకు. హాఫ్‌లో ఆడేవాడు. తండ్రి కోచ్. ఒక్క మ్యాచ్ కూడా దించలేదు. ఆ స్థానంలో అప్పటికి ఇంకొకరు మెరుగని ఆయనకు అనిపించింది, అంతే. మన దగ్గర ఇట్లాంటివి ఎన్ని చూశాం చెప్పండి?

ఇంగ అసలు పరీక్ష, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్ ఆగస్టు 26న దక్షిణ కొరియాతో. 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం కానీ, జర్నైల్ సింగ్ తల పగిలింది. జర్నైల్ అంటే స్టాపర్, వెనక గోడ. ఆసియాలోనే పేరున్న డిఫెండర్. ఆయన లేకుండానే జపాన్ మీద ఆడి 2-0తో గెలిచారు. మొదటి ఆశ్చర్యం అదే. గోడ తీసేసినా ఇల్లు నిలబడింది. అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ ఉన్నారు కాబట్టి.

రెండో ఆశ్చర్యం ఇంకా పెద్దది. సెమీఫైనల్‌కి జర్నైల్ తలకు కుట్లతో తిరిగొచ్చాడు. మామూలు కోచ్ అయితే వెనక స్థానంలో పెట్టేస్తాడు. రహీం సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు పెట్టారు! వెనక జపాన్ మ్యాచ్‌లో బాగా కుదిరిన లైన్‌ని కదిలించలేదు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌ది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ గేమ్స్‌కి రానివ్వకపోవడం మీద మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారని అక్కడివాళ్లకు కోపం. గోల్‌లో అంతకుముందు మ్యాచులు ప్రద్యుత్ బర్మన్ ఆడాడు, తంగరాజ్‌కి ఒంట్లో బాలేదు. ఫైనల్‌కి తంగరాజ్ వచ్చాడు. యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, మన హైదరాబాదీ. వెనక, మధ్యలో, ముందు, ఎక్కడ పెట్టినా ఆడతాడని పేరు. ముందు పి.కె., కెప్టెన్ చునీ గోస్వామి, బలరాం, వాళ్లతో తలకు కట్టుతో జర్నైల్. పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. కొరియా ఆఖర్లో ఒకటి తీసింది. 2-1. బంగారం.

తొమ్మిది రోజుల ముందు 2-0తో ఓడించినవాళ్లనే ఓడించడం అంటే, ఆ తొమ్మిది రోజుల్లో కొత్తగా ఎవరూ ప్లేన్‌లో రాలేదు. ఉన్నవాళ్లనే కోచ్ వేరే చోట్ల పెట్టాడు. పెట్టగలిగాడు, ఎందుకంటే వాళ్లు వేరే చోట్ల ఆడగలరు. బలం లేని కాలితో ఆడించిన ఆ వింత టోర్నమెంట్ల ఆలోచన జకార్తాలో పండింది అంటాను నేను. జర్నైల్ పంజాబ్ మనిషి, హైదరాబాద్ మైదానాల్లో పెరగలేదు, నిజమే. కానీ ఆయన్ని ముందు పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆ మైదానాల నుంచే వచ్చింది.

అప్పటికే రహీం సాబ్ ఆరోగ్యం పాడైంది. క్యాన్సర్. 1963 జూన్ 11న చనిపోయారు. యాభై మూడేళ్లే. బలరాం కూడా అదే ఏడాది అనారోగ్యంతో ఆట వదిలేశాడు, ఇరవై ఏడు దాటకుండానే. 1964 ఒలింపిక్స్‌కి మనం అర్హత సాధించలేదు. అప్పటి నుంచి ఈరోజు వరకు మన మగవాళ్ల జట్టు ఒలింపిక్స్ చూడలేదు.

హైదరాబాద్ మాత్రం వెంటనే ఎండిపోలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ముందు లైన్‌లో మహమ్మద్ హబీబ్. ఇద్దరూ హైదరాబాదీలే. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. కానీ గమనించండి, వీళ్లంతా పేరు తెచ్చుకుంది కలకత్తా క్లబ్బుల్లో. ఇక్కడ తయారై అక్కడ ఆడారు. మంచి ఆటగాడు వెళ్లిపోయినా పర్లేదు, ఆ చోటికి ఇంకొకడు వస్తుంటే. వాళ్లను తయారుచేసే మనిషి పోయాక, ఆ పద్ధతిని ఎవరూ కాగితం మీద పెట్టి స్కూళ్లకు పంపకపోయాక, రావడం తగ్గింది. ఊట ఆగిన బావిలో ముందు నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. నల్లరేగడిలో బతికే మనకు ఇది చెప్పక్కర్లేదు.

2025లో ఆడిన జట్టుకు ఇదే లెక్క వేద్దాం. గోల్‌లో బాధ లేదు. గుర్‌ప్రీత్ సంధు, అమరిందర్, విశాల్ కైత్, ముగ్గురిలో ఎవరిని పెట్టినా కొంపలేం మునగవు. వెనక జింగన్, అన్వర్ అలీ, భేకే. మధ్యలో అపుయా, సురేశ్, జీక్సన్. అద్భుతం కాదు, కానీ ఖాళీ లేదు. స్ట్రైకర్ దగ్గరకు రండి. సునీల్ ఛెత్రీ. రెండో పేరు చెప్పండి. ఆగిపోయారు కదా? ఛెత్రీ 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పేటప్పటికి 94 గోల్స్. అప్పుడు ఆడేవాళ్లలో ఇంకెవరికీ అందులో పావు వంతు కూడా లేదు. అందుకే 2025 మార్చిలో నలభై ఏళ్ల మనిషిని మళ్లీ పిలిచారు. ఆయన వచ్చి మాల్దీవ్స్ మీద గోల్ కొట్టాడు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయమేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో సొంత గడ్డ మీద సింగపూర్ చేతిలో 2-1తో ఓడి, 2027 ఏషియన్ కప్ పోగొట్టుకున్నాం.

ఇది పిల్లల్లో దమ్ము లేక కాదు. ఐఎస్ఎల్ 2014లో మొదలైనప్పుడు ఒక్కో జట్టు ఆరుగురు విదేశీయులను దించొచ్చు. తర్వాత ఐదు, 2021 నుంచి నాలుగు. డబ్బు పెట్టి విదేశీయుణ్ని తెచ్చేవాడు గోల్స్ కొట్టేవాణ్నే తెస్తాడు, బ్యాక్‌ని కాదు. దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2021-22 ఐఎస్ఎల్ గెలిచారు, మనో మార్కెజ్ కోచ్‌గా. ఆ జట్టు నుంచి ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్, చింగ్లెన్‌సనా లాంటి డిఫెండర్లు జాతీయ జట్టుకు వచ్చారు. గోల్స్ ఎవరు కొట్టారు? నైజీరియా ఓగ్‌బెచే, సీజన్‌లో 18. ఆ చోట ఒక ఇండియన్ కుర్రాడు బెంచ్ మీద కూర్చుని ఇరవై మూడేళ్లు దాటించేశాడు అనుకోండి, వాడు ఎప్పుడు నేర్చుకుంటాడు? అదే మార్కెజ్ తర్వాత ఇండియా కోచ్ అయ్యాడు. ఛెత్రీని వెనక్కి పిలిచింది కూడా ఆయనే. ఆ హైదరాబాద్ క్లబ్ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు, 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది.

ఆడపిల్లల జట్టులో మాత్రం ముందు లైన్‌లో మన పేరు ఉంది. నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య, తండా నుంచి వచ్చిన అమ్మాయి. 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తీసుకుంది. మన దగ్గరకొస్తే, గుంతకల్లులో రైలు మారితే అనంతపురం. అక్కడ ఆర్డీటీ వాళ్లు పల్లె పిల్లలకు, అందులో ఆడపిల్లలకు కూడా, ఏళ్లుగా ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో బంతి తన్నుతూ ఉంటే ఒకసారి తీసుకెళ్లి చూపించండి. కుడికాలితో తన్నేవాళ్లయితే రేపటి నుంచి ఎడమకాలితో తన్నమనండి, ఖర్చేం లేదు.

వచ్చే ఎపిసోడ్ హబీబ్ గురించి. 1977లో పీలే కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదురుగా నిలబడిన హైదరాబాదీ కథ. ఉంటాను.